సెల్స్ ఎట్ వర్క్: అభిమానులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మన ఒంట్లోని కణాలను మనుషుల్లా చూపించే ఈ జపాన్ యానిమే చూసినవాళ్లందరూ ఇంచుమించు ఒకే దారిన నడుస్తారు. మొదట నవ్వుకుంటారు. రెండో ఎపిసోడ్‌కి ప్లేట్‌లెట్లను చూసి మురిసిపోతారు. ఏడో ఎపిసోడ్‌కి మనసు పాడవుతుంది. ఆ తర్వాత ఎప్పుడో మూలన పడేసిన బయాలజీ పుస్తకం వెతుక్కుంటారు. ఆ దారిలో వచ్చే ప్రశ్నలకు ఒకచోట జవాబులు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కథలోని మలుపులు కొన్ని ఇందులో బయటపడతాయి, ఇంకా చూడనివాళ్లు గమనించగలరు.

అసలు ఈ సిరీస్ ఎక్కడ మొదలైంది?

అకానే షిమిజు గీసిన మాంగాతో, అంటే జపాన్ బొమ్మల కథతో. పరీక్షలకు చదువుకుంటున్న చెల్లెలికి శరీరం గురించి సులువుగా అర్థం కావాలన్న ఆలోచన దాని వెనక ఉంది. కోడాన్షా సంస్థ నెలపత్రిక ‘షోనెన్ సిరియస్’లో 2015 నుంచి 2021 వరకు వచ్చి 6 సంపుటాలతో ముగిసింది. డేవిడ్ ప్రొడక్షన్ స్టూడియో దాన్ని యానిమేగా తీసింది. కెనిచి సుజుకి దర్శకత్వంలో మొదటి సీజన్ 2018 జులైలో మొదలై 13 ఎపిసోడ్లు నడిచింది. రెండో సీజన్ 2021 జనవరిలో వచ్చింది, 8 ఎపిసోడ్లు.

కథానాయిక ఏఈ3803 అనే ఎర్ర రక్తకణం. ఎర్ర జాకెట్, ఎర్ర టోపీ వేసుకుని ఆక్సిజన్ పెట్టెలు మోస్తూ తరచూ దారి తప్పుతుంది. ఆమెకు తోడుగా యూ-1146 అనే తెల్ల రక్తకణం, న్యూట్రోఫిల్. క్రిములను చంపడమే అతని ఉద్యోగం, తీరిక దొరికితే టీ తాగుతూ కూర్చుంటాడు.

ప్లేట్‌లెట్లను చూసి అందరూ ఎందుకలా కరిగిపోతారు?

నీలం దుస్తుల్లో, పెద్ద టోపీల కింద, పసిపిల్లల గుంపులా వచ్చి, తెగిన చోటికి పరుగెత్తి వల కట్టేస్తాయి. 2018లో చైనా అభిమానులు వీటికి పడిపోయారు. అక్కడి వీడియో వేదిక బిలిబిలిలో ఆ వేసవి అంతా ప్లేట్‌లెట్ బొమ్మలు, పాటలు, వ్యాఖ్యలే. అక్కడి ఒక హైస్కూల్లో బయాలజీ హోంవర్క్‌గా ఈ యానిమే చూడమన్నారన్న వార్త కూడా అప్పుడే చక్కర్లు కొట్టింది.

వాటిని చిన్నపిల్లలుగా చూపించడానికి కారణం ముద్దు ఒక్కటే కాదు. నిజంగానే అవి చాలా చిన్నవి. ఎర్ర రక్తకణం అడ్డం 7 నుంచి 8 మైక్రోమీటర్లు ఉంటే ప్లేట్‌లెట్ 2 నుంచి 3 మైక్రోమీటర్లే. పైగా అవి పూర్తి కణాలు కూడా కావు. ఎముక మజ్జలో మెగాకార్యోసైట్ అనే పెద్ద కణం నుంచి విడిపోయిన ముక్కలు. 8 నుంచి 10 రోజులు బతుకుతాయి. ఈ లెక్క తెలిశాక రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో టోపీ వెనక్కి పెట్టుకున్న ఆ బెరుకు పిల్ల ప్లేట్‌లెట్ ధైర్యం తెచ్చుకునే ఘట్టం చూస్తే గుండె ఇంకో రకంగా కదులుతుంది.

మన దగ్గర ప్లేట్‌లెట్ అనగానే డెంగ్యూ గుర్తొస్తుంది. సిరీస్‌లో అది ఉందా?

ఉంది. రెండో సీజన్‌లో దోమ కుట్టడం, వైరస్ చర్మంలోని లాంగర్‌హాన్స్ కణాలను పట్టుకోవడం, అక్కడి నుంచి గొడవ ముదరడం చూపిస్తారు. జపాన్ ప్రేక్షకులకు డెంగ్యూ అరుదైన జబ్బు. ఆంధ్ర, తెలంగాణల్లో వానాకాలం వస్తే ప్రతి వీధిలోనూ ‘ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయట?’ అన్న మాట వినిపిస్తుంది. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉండాలన్న సంగతి సైన్స్ చదవనివాళ్లకూ నోటికి వచ్చు. అందుకే ఆ నీలం టోపీ పిల్లలు మన తెలుగువాళ్లకు మొదటిసారి చూసినా కొత్తగా అనిపించరు.

ఒక్కమాట మాత్రం చెప్పాలి. డెంగ్యూలో ప్రమాదం ప్లేట్‌లెట్ల అంకె ఒక్కదానిలోనే ఉండదు. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోవడం అంతకంటే భయపడాల్సిన విషయం, అదీ తరచుగా జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే. ప్లేట్‌లెట్లు ఎక్కించాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి. యానిమే చూసిన ఉత్సాహం మంచిదే, బొప్పాయి ఆకు రసం మీద నమ్మకం పెట్టుకుని ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్లడం మంచిది కాదు.

తెల్ల రక్తకణం ఒళ్లంతా రక్తం పూసుకుని కత్తి పట్టుకుని ఉంటాడు. పిల్లలకు చూపించవచ్చా?

పదేళ్లు దాటిన పిల్లలకు, పక్కన పెద్దవాళ్లు ఉంటే, నా లెక్కలో పర్వాలేదు. అంతకంటే చిన్నవాళ్లకు మొదటి ఎపిసోడ్‌లోని న్యుమోకాకస్ పోరే ఎక్కువవుతుంది. క్రిములు రాక్షసుల్లా ఉంటాయి, నరుకుడు బాగానే ఉంటుంది. ఈ సిరీస్ చిన్నపిల్లల కార్టూన్ అనుకుని పెట్టేసి, మధ్యలో కంగారుపడి ఆపేసిన తల్లిదండ్రులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

అసలు న్యూట్రోఫిల్ కత్తి వాడదు, క్రిమిని చుట్టేసి మింగి లోపల ఎంజైములతో కరిగిస్తుంది. ఆ పనిలో తనూ చనిపోతుంది. పుండు మీద కనిపించే చీములో ఎక్కువ భాగం అలా చనిపోయిన న్యూట్రోఫిల్లే. యూ-1146 ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ బతికి ఉండటం కథ కోసం చేసిన ఉపకారం. నిజంలో అతని ఆయుష్షు గంటల్లోనో, మహా అయితే కొద్ది రోజుల్లోనో తీరిపోతుంది.

అయితే ఎర్ర రక్తకణం మాటేమిటి? ఆమె ఆయుష్షు 120 రోజులేనా?

అభిమానులను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే ప్రశ్న ఇదే. అవును, ఎర్ర రక్తకణం సగటున 120 రోజులు బతుకుతుంది. దాంతో కొందరు కూర్చుని లెక్కలు వేశారు: గాయం, ఫ్లూ, ఎలర్జీ, వడదెబ్బ అన్నీ ఆ నాలుగు నెలల్లోనే జరిగి ఉండాలి, ఆమెకు ఇంకా ఎన్నాళ్లు మిగిలి ఉన్నాయి అని.

ఈ లెక్క వేసినవాళ్లు ఇంకో విషయం దగ్గర ఆగిపోతారు. ఆరో ఎపిసోడ్‌లో ఎముక మజ్జలో పిల్ల ఎర్ర కణాలను పెంచేది మాక్రోఫేజ్ అనే మరో తెల్ల రక్తకణం. కుచ్చుల గౌను, చిరునవ్వు, చేతిలో భయంకరమైన ఆయుధం. చిన్నారి ఏఈ3803ని అమ్మలా చూసుకుంటుంది. ఇది కల్పన కాదు. మజ్జలో నిజంగానే మాక్రోఫేజ్ మధ్యలో ఉండి, దాని చుట్టూ పిల్ల ఎర్ర కణాలు పెరుగుతాయి. అవి వదిలేసే కేంద్రకాన్ని తినేసి శుభ్రం చేసేది కూడా అదే. ఇక 120 రోజుల తర్వాత, ముసలిదై బిరుసెక్కిన ఎర్ర కణాన్ని ప్లీహంలోనో కాలేయంలోనో పట్టుకుని మింగేది ఎవరు? అదీ మాక్రోఫేజే. అందులోని ఇనుమును విడదీసి మళ్లీ కొత్త కణాల తయారీకి పంపిస్తుంది. పుట్టించే చేతులూ సాగనంపే చేతులూ ఒకే జాతివి. సిరీస్ ఈ రెండో సగాన్ని తెర మీద బరువుగా చూపించదు. తెలుసుకున్న అభిమానులు మాత్రం ఆరో ఎపిసోడ్‌ను రెండోసారి మామూలుగా చూడలేరు. నేనూ చూడలేకపోయాను.

మన ఒంట్లో సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త ఎర్ర కణాలు పుడతాయి, దాదాపు అన్నే పోతాయి. పాఠంలో చదివితే ఇది అంకె. ఏఈ3803ని ఇష్టపడ్డాక చదివితే అలా అనిపించదు. ఈ సిరీస్ సాధించిన గొప్ప పని ఇదేనని నా నమ్మకం.

ఏఈ3803, యూ-1146 ప్రేమికులా?

కథ ఎక్కడా అలా చెప్పదు. అభిమానులు మాత్రం వేల బొమ్మలు గీశారు, ఇంకా గీస్తూనే ఉన్నారు. మజ్జలో చిన్నతనంలో ఒకసారి కలుసుకున్నారన్న ఆరో ఎపిసోడ్ ఘట్టం వాళ్లకు చాలినంత ఆధారం. నాకైతే వాళ్లది ఒకే ఊళ్లో వేర్వేరు పనులు చేసుకునే ఇద్దరి మధ్య ఉండే గౌరవంలా అనిపిస్తుంది, అదే అందంగా ఉంది.

క్యాన్సర్ కణం మీద జాలి పుట్టడం తప్పా?

తప్పు కాదు. ఏడో ఎపిసోడ్ రాసింది ఆ జాలి పుట్టించడానికే. నకలు తీసేటప్పుడు జరిగిన పొరపాటు వల్ల వేరుగా పుట్టాడు, పుట్టినప్పటి నుంచి చంపడానికి వెంటపడ్డారు, నేనూ ఈ శరీరంలోని కణాన్నే కదా అని అడుగుతాడు. అకిరా ఇషిదా గొంతు ఆ మాటలకు ఎంత బలం ఇచ్చిందో చెప్పలేను. దానికి తెల్ల రక్తకణం ఇచ్చే జవాబు మెత్తగా ఉండదు. జాలి ఉన్నా పని ఆగదు.

క్యాన్సర్‌తో సొంత మనిషిని పోగొట్టుకున్నవాళ్లలో దీని మీద రెండు రకాల స్పందనలు కనిపిస్తాయి. కొందరికి కోపం వస్తుంది: మా అమ్మను తీసుకుపోయిన దానికి కన్నీళ్లు కార్చమంటారా అని. ఇంకొందరికి ఊరట దొరుకుతుంది: ఎవరి పాపమో శాపమో కాదు, కణవిభజనలో జరిగిన పొరపాటు అని తెలిసి. ఈ రెండిట్లో దేన్నీ తీసిపారేయడానికి నాకు మనసు రాదు. రోజూ ఒంట్లో పుట్టే తేడా కణాల్లో చాలావాటిని రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టి తుదముట్టిస్తుందన్న అసలు పాఠం ఈ ఎపిసోడ్‌లో నిక్కచ్చిగా ఉంది. క్యాన్సర్ మీద పరిశోధన చేసేవాళ్లు కూడా మెచ్చుకున్న ఎపిసోడ్ ఇది.

క్యాన్సర్ కణాల్లాంటివాటిని చంపే కిల్లర్ టి కణాన్ని ఆపే ఆ సూటు వేసుకున్న అమ్మాయి ఎవరు? ఆమె మీద అభిమానులకు అంత కోపమెందుకు?

రెగ్యులేటరీ టి కణం. నెమ్మదిగా మాట్లాడుతుంది, అవసరమైతే ఒక్క దెబ్బతో ఆపేస్తుంది. రెండో సీజన్ చివర్లో క్యాన్సర్ కణం తిరిగి వచ్చినప్పుడు ఆమె అతన్ని కాపాడుతూ నిలబడుతుంది. చూసినవాళ్లు ద్రోహి అని తిట్టిపోశారు. కానీ ఆమె పని అదే. రోగనిరోధక కణాలు సొంత శరీరం మీద పడకుండా పగ్గాలు పట్టుకోవడం. ఆ పగ్గాలు లేకపోతే ఆటోఇమ్యూన్ జబ్బులు వస్తాయి. ఆ పగ్గాలనే క్యాన్సర్ తన రక్షణకు వాడుకుంటుంది. ద్రోహం కాదు, మంచితనాన్ని ఎదుటివాడు వాడుకోవడం.

ఈ కణాలను 1995లో గుర్తించినవాడు జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి. 2025 వైద్య నోబెల్‌ను ఆయన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌తో కలిసి అందుకున్నారు. ఆ వార్త రాగానే యానిమే అభిమానులకు ముందు గుర్తొచ్చింది ఆ సూటు అమ్మాయే. ఇంకో కాకతాళీయం: మొదటి సీజన్ 2018 సెప్టెంబరు చివర్లో ముగిసింది. అక్టోబరు 1న, క్యాన్సర్ మీదికి టి కణాలను వదిలే చికిత్సకు దారి చూపిన తసుకు హోంజో, జేమ్స్ ఆలిసన్‌లకు నోబెల్ ప్రకటించారు.

డాక్టర్లు, బయాలజీ టీచర్లు ఏమంటారు?

ఎక్కువమంది మెచ్చుకుంటారు. యూట్యూబ్‌లో ఎపిసోడ్ చూస్తూ ఆపి ఆపి వివరించే డాక్టర్ల వీడియోలు అన్ని భాషల్లోనూ ఉన్నాయి. వాళ్లు ముచ్చటపడేది చిన్న చిన్న వివరాలకు. సిరల్లో కవాటాలు ఒకవైపే తెరుచుకునే గేట్లుగా ఉండటం, కేశనాళికలు ఒక్కరే పట్టేంత ఇరుకు సందులుగా ఉండటం, బ్యాక్టీరియాతో పోరులో బలహీనమని అందరూ చిన్నచూపు చూసే ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణం, అనిసాకిస్ పురుగు రాగానే వీరనారి అయిపోవడం. ఆ పురుగు పచ్చి చేపల ద్వారా వస్తుంది కాబట్టి సుషీ, సషిమీ తినే జపాన్ ప్రేక్షకులకు ఆ ఎపిసోడ్ మరీ దగ్గరిది.

అభ్యంతరాలూ ఉన్నాయి. ఎర్ర కణాలు దారి వెతుక్కోవు, గుండె తోస్తే పోతాయి. ఒళ్లంతా ఒక చుట్టు తిరగడానికి దాదాపు ఒక నిమిషం చాలు. నా సొంత అభ్యంతరం ఐదో ఎపిసోడ్ మీద. దేవదారు పుప్పొడి ఎలర్జీ కథ అద్భుతం. యుద్ధం తర్వాత జపాన్‌లో కొండల నిండా నాటిన సుగి చెట్ల పుణ్యమా అని ఏటా వసంతంలో కోట్లమంది తుమ్ములతో బాధపడతారు. అలాంటి దేశంలో మెమరీ కణం పాత జ్ఞాపకాలతో వణికిపోతుంటే ఎంత నవ్వారో ఊహించుకోవచ్చు. కానీ చివర్లో స్టెరాయిడ్ ఒక మరమనిషిలా దిగి కనిపించినదాన్నల్లా ధ్వంసం చేస్తుంది. స్టెరాయిడ్ అంటేనే భయపడి ఇన్‌హేలర్ మానేసే ఆస్తమా రోగులు మన దగ్గర చాలామంది. డాక్టరు చెప్పిన మోతాదులో ప్రాణం నిలబెట్టే మందును అలా చూపించడం నాకు నచ్చలేదు.

ఇంటర్ బైపీసీ, నీట్ చదివేవాళ్లకు ఉపయోగమా?

గుర్తుపెట్టుకోవడానికి చాలా ఉపయోగం. న్యూట్రోఫిల్, ఇసినోఫిల్, బి, టి కణాలు, మాక్రోఫేజ్ ఎవరు ఏ పని చేస్తారో ఒకసారి చూస్తే మరిచిపోరు. శరీర ద్రవాలు, ప్రసరణ పాఠానికి ఎనిమిదో ఎపిసోడ్ పెట్టుకోండి, రోగనిరోధకత పాఠానికి తొమ్మిదోది. తొమ్మిదిలో ఛాతీలోని థైమస్ గ్రంథిలో టి కణాల శిక్షణ చూపిస్తారు. నిజంలో అక్కడ పరీక్ష నెగ్గి బయటికి వచ్చేవి నూటికి ఐదుకు మించవు. కోచింగ్ హాస్టళ్లలో రోజులు గడిపిన పిల్లలకు ఆ ఎపిసోడ్ గుచ్చుకుంటుంది. అంకెలు, రసాయనాల పేర్లు, గడ్డకట్టే ప్రక్రియలోని దశలు మాత్రం పుస్తకంలోనే చదవాలి.

మేం ఎండల్లో చూశాం. వడదెబ్బ ఎపిసోడ్ నిజంగా అంత భయంకరంగా జరుగుతుందా?

జరుగుతుంది. పదకొండో ఎపిసోడ్‌లో చెమట గ్రంథులు చేతులెత్తేయడం, రక్తపోటు పడిపోవడం, మెదడు వరకు వేడి చేరడం వరుసగా చూపిస్తారు. చివరికి సూది ద్వారా సెలైన్ వచ్చి లోకాన్ని కాపాడుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్లకు ఈ ఎపిసోడ్‌కు సబ్‌టైటిళ్లు కూడా అక్కర్లేదు. పొలం పనులకు, ఉపాధి పనులకు వెళ్లేవాళ్లకు ఇది తెలుగులో చూపించగలిగితే ఎంత బాగుండునో అని ప్రతి ఎండాకాలం అనుకుంటాను.

ఈ సిరీస్‌కే శాఖగా వచ్చిన ‘కోడ్ బ్లాక్’ చూడాలా? అందరూ భయపెడుతున్నారు.

పెద్దవాళ్లైతే తప్పకుండా చూడాలి. షిగెమిత్సు హరాదా రాయగా ఇస్సెయ్ హత్సుయోషియా గీసిన మాంగాకు లైడెన్ ఫిల్మ్స్ తీసిన 13 ఎపిసోడ్ల యానిమే ఇది, 2021 జనవరిలో మొదలైంది. ఈ శరీరం పొగ, మద్యం, ఒత్తిడి, నిద్రలేమితో చితికిపోయింది. గోడలకు కొవ్వు పేరుకుంది, అధికారులు అరుస్తారు, సెలవులు లేవు. ఇక్కడ ఎర్ర కణం అబ్బాయి, న్యూట్రోఫిల్ అమ్మాయి. కార్మికులను పిండేసే సంస్థలను జపాన్‌లో ‘బ్లాక్’ కంపెనీలంటారు, ఇది అక్కడి ఆఫీసు జీవితం మీద నేరుగా వేలెత్తిన కథ.

దీనికి వచ్చిన స్పందనల్లో మళ్లీ మళ్లీ కనిపించే మాట: నా కణాలకు క్షమాపణ చెప్పుకోవాలనిపించింది. సిగరెట్ మానేయడానికి ఇది కారణమైందని, రాత్రిపూట త్వరగా పడుకోవడం మొదలుపెట్టామని రాసినవాళ్లు ఎందరో. మరికొందరికి ఉద్యోగం గురించే ఏడుపొచ్చింది. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, శరీరం సంగతి కంటే ఆ ఎర్ర కణం మొహంలో తమ మొహం చూసుకున్నారు. గౌట్, గనేరియా, లైంగిక సమస్యల మీద కూడా ఎపిసోడ్లున్నాయి, పిల్లల పక్కన కూర్చుని చూసేది కాదు. వరుసగా కూడా చూడకండి. రోజుకొకటి చాలు.

మొదటి సీజన్ చివరి రెండు ఎపిసోడ్లలో వచ్చిన కొత్త ఎర్ర కణాలు వేరే యాసలో ఎందుకు మాట్లాడతాయి?

అవి రక్తమార్పిడిలో వచ్చిన కణాలు, అంటే వేరే ఊరివాళ్లు. తలకు గాయమై రక్తం పోయి, ఊరంతా చల్లబడి, ఏఈ3803 మంచులో పెట్టె మోస్తూ నడిచే ఘట్టం అభిమానులను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది. అప్పుడు ఆ యాస వినపడుతుంది. దాతల ఎర్ర కణాలను రక్తనిధిలో 2 నుంచి 6 డిగ్రీల చలిలో, సరైన ద్రావణంలో 42 రోజుల వరకు నిల్వ ఉంచుతారు. ప్లేట్‌లెట్లను మాత్రం మామూలు గది వేడిలో కదుపుతూ ఉంచాలి, 5 రోజులే ఆగుతాయి. అందుకే ఆస్పత్రులు ప్లేట్‌లెట్ దాతల కోసం అప్పటికప్పుడు ఫోన్లు చేస్తాయి. ఈ ఎపిసోడ్ చూసి మొదటిసారి రక్తం ఇచ్చామని చెప్పేవాళ్లను చూస్తే నాకు చాలా సంతోషం.

రెండో సీజన్ కొందరికి ఎందుకు నచ్చలేదు?

8 ఎపిసోడ్లే ఉండటం ఒక కారణం. మాంగాలో మిగిలిన కథే తక్కువ. ఒక క్రిమి రావడం, కణాలు ఓడటం, చివర్లో గెలవడం అనే పద్ధతి అప్పటికి పాతబడింది కూడా. అయినా పేగుల్లోని మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియాల కథను క్యాన్సర్ కథతో కలిపిన తీరు నాకు మొదటి సీజన్ కంటే నచ్చింది. ఈ సీజన్ మొదలైన నెలలోనే మాంగా చివరి అధ్యాయం కొత్త కరోనా వైరస్ మీద వచ్చింది. మాస్కులు వేసుకుని ఇంట్లో కూర్చున్న అభిమానులు ఆ పేజీలను ఎలా చదివి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు.

2024 సినిమా చూడొచ్చా?

చూడొచ్చు. హిదెకి తకెఉచి దర్శకత్వంలో డిసెంబరు 13న జపాన్‌లో విడుదలైంది. మెయ్ నగానో ఎర్ర కణం, తకెరు సతో తెల్ల కణం. యానిమేలో ఎప్పుడూ కనిపించని మనిషి ఇందులో కనిపిస్తుంది. కూతురు నికోది ఆరోగ్యమైన శరీరం, తండ్రిది కోడ్ బ్లాక్ తరహా శరీరం. మన జబ్బు వల్ల లోపలివాళ్లు ఎంత నలుగుతారో, లోపలివాళ్ల పోరు వల్ల బయట ఒక కుటుంబం ఎలా నిలబడుతుందో పక్కపక్కనే చూపిస్తారు. రెండో సగంలో లుకేమియా వస్తుంది. జపాన్‌లో వసూళ్లు 600 కోట్ల యెన్లు దాటాయి. ఇంట్లో రక్తక్యాన్సర్‌తో పోరాడుతున్నవాళ్లు ఉంటే ఒంటరిగా కాకుండా ఎవరితోనైనా కలిసి చూడండి.

మొత్తం చూసేశాం. ఇలాంటివి ఇంకేమున్నాయి?

మాంగాలో బోలెడన్ని శాఖలు వచ్చాయి: ప్లేట్‌లెట్ల మీద, గర్భస్థ శిశువు కణాల మీద, స్త్రీ శరీరం మీద, పేగుల్లోని బ్యాక్టీరియా మీద, పెద్దవడానికి ఒప్పుకోని పిల్ల ఎర్ర కణాల మీద. ఐరోపాలో పెరిగిన అభిమానులైతే ఆల్బర్ట్ బారియే తీసిన 26 ఎపిసోడ్ల ఫ్రెంచ్ సిరీస్ ‘వన్స్ అపాన్ ఎ టైమ్ లైఫ్’ పేరు చెబుతారు, 1980ల నాటిది. దానిలో ఎర్ర కణాలు వీపు మీద ఆక్సిజన్ బుడగలు మోసుకుంటూ కబుర్లు చెప్పుకుంటూ నడుస్తాయి. చిన్నపిల్లలకు మొదట అది పెట్టి, కాస్త పెద్దయ్యాక దీన్ని చూపిస్తే సరిపోతుంది.